మూడు చోట్లు వద్దు, రామప్ప ఒక్కటి చాలు

ప్రశ్న: నమస్తే అమ్మా. మాకు ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప. మే మొదటి ఆదివారం అత్తమ్మను కూడా తీసుకుని కారులో రామప్ప, లక్నవరం, మేడారం మూడూ ఒకే రోజు చూసి రావాలని మావారి ఆలోచన. నాకేమో ఎండ భయం. తిండి, నీళ్లు ఎలా సర్దుకోవాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీవారి ఉత్సాహానికి ఒక దండం పెట్టి, మేడారం, లక్నవరం కొట్టేయించు బిడ్డా. మూడు చోట్లు తిరిగితే పిల్లలకు మిగిలేది కారు సీటే. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లక్నవరంలో ఆ వేలాడే వంతెన మీద తల దాచుకునే నీడ లేదు. వానలు పడి చెరువు నిండాక వెళ్లండి.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఏడింటికల్లా రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఉంటారు. గుడి దగ్గర చెప్పులు విడవాలి. పొద్దెక్కితే రాతి నేల చుర్రుమంటుంది, అందుకని పిల్లలకు, అత్తమ్మకు మందపాటి నూలు మేజోళ్లు పట్టుకెళ్లు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని చెబితే ఆరేళ్లవాడు వినడు. గోడ కిందివైపు వరుసగా చెక్కిన ఏనుగులను చూపించి లెక్కపెట్టమను, గుడి చుట్టూ తనే తిరుగుతాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని కూడా చెప్పు. ఇంటికొచ్చాక చేతికందినదల్లా బకెట్లో వేసి చూస్తాడు, దానికి మాత్రం నన్ను తిట్టుకోకు.

తినడం రామప్ప చెరువు దగ్గర చెట్టు కింద, ఎనిమిదింటికి. పులిహోర, పెరుగన్నం చాలు. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలుపు. మొత్తం పెరుగే పోస్తే ఆ వేడికి దారిలోనే పులుస్తుంది. ఉప్పు తినే ముందు వేసుకోవచ్చు. సర్వపిండి రాత్రే చేసి పెట్టుకోవచ్చు కానీ, పాపకు ఇచ్చేదాంట్లో పల్లీలు, శనగపప్పు వేయకు. మూడేళ్ల పిల్ల గొంతుకు అవి అడ్డం పడతాయి. దారిలో తాటిముంజలు కనిపిస్తే అప్పటికప్పుడు కొట్టించుకుని, పాపకు చిన్న ముక్కలు చేసి పెట్టు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కల జోలికి మాత్రం పోవద్దు.

నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. సీసాకు తడి నూలుగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే చల్లగా ఉంటాయి. దాహమని అడిగేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దగ్గర ఉంచుకో. ప్యాకెట్ మీద ఎంత నీరని రాసి ఉంటే అంత నీటిలో పొడి మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున వేయడం చాలామంది చేసే పనే, అది సరికాదు. పాప మందకొడిగా పడి ఉన్నా, చాలాసేపు మూత్రం పోయకపోయినా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చెరువు గట్టున మీ ఇద్దరిలో ఒకరు చేయి అందేంత దూరంలో ఉండాలి, ఫోను అత్తమ్మ చేతికిచ్చి. పాప నిద్రపోయిందని ఆపిన కారులో వదిలి వెళ్లకండి. అద్దం కాస్త దించినా లోపల నిమిషాల్లో కొలిమి అవుతుంది.

తొమ్మిదిన్నరకు కారెక్కితే పదకొండున్నరలోపు ఇంట్లో ఉంటారు. మిగిలిన పులిహోర ఫ్యాను కింద తినండి.