పాత కారు ఇంజిన్ దించాలా వద్దా: విప్పకముందు చూడాల్సినవి

ప్రశ్న: కారుకి 22 ఏళ్లు. 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. నీలం పొగ వస్తోంది, 1000 కిలోమీటర్లకి లీటరు దాకా ఆయిల్ పోయాల్సి వస్తోంది, పికప్ తగ్గింది. మెకానిక్ ఇంజిన్ దించాల్సిందే అంటున్నాడు. అమ్మడానికి మనసొప్పడం లేదు. చేయించాలా, వదిలేయాలా?

జవాబు:

ఇంజిన్ సంగతి తర్వాత. ముందు కారుని లిఫ్టు ఎక్కించి అడుగు చూడండి. ఇంజిన్ ఎంత పాడైనా బాగు చేయొచ్చు, కుదరకపోతే ఇంకోటి పెట్టొచ్చు. తుప్పు తిన్న బాడీకి ఆ వెసులుబాటు లేదు. సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ పెట్టే అంచులు, ఫ్లోరు, ముందు స్ట్రట్లు (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసిన కాళ్లు) కూర్చునే టవర్లు, ఈ నాలుగు చోట్లా స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టినది మొద్దుగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోట మొనతో నొక్కండి. సస్పెన్షన్ దగ్గర మొన దిగబడిందంటే ఆ కారు ఇంజిన్ మీద పైసా పెట్టొద్దు, ఎంత ఇష్టమైన కారైనా సరే.

బాడీ గట్టిగానే ఉందనుకుందాం. పొగ ఎప్పుడు వస్తోందో మీరు రాయలేదు, అసలు కిటుకు అక్కడే ఉంది. రాత్రంతా నిలబెట్టిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వదిలి ఒక నిమిషంలో సర్దుకుంటే, వాల్వు సీల్స్, అంటే వాల్వు కాడ చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు టోపీలు, గట్టిపడ్డాయని అర్థం. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి గేర్లోనే దిగి, కింద మళ్లీ తొక్కగానే గుప్పుమంటే అప్పుడూ సీల్సే, లేదా గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) అరిగాయి. థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు, మూసి ఉన్నప్పుడు ఇన్‌టేక్‌లో వాక్యూమ్ పెరిగి ఆయిల్‌ని వాల్వు కాడ వెంబడి లోపలికి లాగుతుంది. అలా కాకుండా ఎక్కుడులో, లోడు మీద తొక్కినంతసేపూ పొగ వస్తుంటే తప్పు పిస్టన్ చుట్టూ ఉండే రింగులది, లేదా పిస్టన్ ఆడే గొట్టం, అంటే బోరుది. చాలా ఇంజిన్లలో సీల్స్ మార్చడానికి హెడ్ (ఇంజిన్ పై భాగం) కూడా దించక్కర్లేదు. ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెస్డ్ గాలి పట్టి వాల్వు లోపలికి జారకుండా నిలిపి, స్ప్రింగు నొక్కి, పాత సీల్ లాగి కొత్తది దించుతారు. అంటే "ఇంజిన్ దించాలి" అన్నది ఒక్కోసారి ఒక రోజు పనిగా తేలొచ్చు.

ఇంకా చవకది పీసీవీ వాల్వు. క్రాంక్‌కేసులో, అంటే ఇంజిన్ కింది గదిలో, చేరే గ్యాసుని ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వు అది. జిడ్డు పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని దొరికిన దారిన బయటికి తోస్తుంది. తీసి ఊపండి. లోపల గుండు ఉండే రకమైతే గలగలమనాలి. అనకపోతే మార్చేయండి, దాని పైపూ చూడండి. అలాగే తగ్గిన ఆయిలంతా కాలిపోతోందనుకోకండి. ఒక రాత్రి కారు కింద అట్ట పరిచి ఉంచితే కారుతున్న వాటా ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత చదునైన చోట, ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక డిప్ స్టిక్ చూసి, 1000 కిలోమీటర్లు తిరిగి అదే చోట మళ్లీ చూసి, మళ్లీ అదే గీత దాకా పోసింది కొలపాత్రతో లెక్కపెట్టండి. "లీటరు దాకా" అన్న అంచనా చాలాసార్లు అర లీటరుగా తేలుతుంది.

ఇక కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో గేజితో కొలవడం. ఇది చేయకుండా "బోరు పోయింది" అనే మాట నమ్మొద్దు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీయాలి, కాయిల్ కనెక్టర్ ఊడదీయాలి. ప్లగ్గులు నాలుగూ తీసేయాలి, ఒక్కటే తీసి చూస్తే స్టార్టర్ మోటారు లాగలేక రీడింగు తప్పుతుంది. బ్యాటరీ ఫుల్ చార్జిలో ఉండాలి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. గేజి బిగించి ముల్లు ఆగేదాకా, అంటే 5, 6 కంప్రెషన్లు వచ్చేదాకా తిప్పాలి. తప్పులన్నీ జరిగేది ఇక్కడే. థ్రాటిల్ మూసి తిప్పితే గాలి లోపలికి రాక మంచి ఇంజిన్ కూడా చచ్చినట్టు చూపిస్తుంది. ఫ్యూయల్ ఆపకపోతే పెట్రోలు బోరు గోడల మీద ఆయిల్ పొరని కడిగేసి రీడింగు పడగొడుతుంది.

ఈ తరహా పెట్రోల్ ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే మామూలుగా 11 నుంచి 13 బార్ (ఒత్తిడి కొలత) చూపిస్తుంది. 9 కింద ఉంటే అరిగినట్టే. అసలు హద్దు మీ కారు సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. తేడా 1 బార్ దాటితే ఆరా తీయాలి. ఉదాహరణకి 12, 11.8, 8, 11.9 వచ్చిందనుకోండి. మూడో దాంట్లో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి, కొన్ని చుట్లు తిప్పి మళ్లీ కొలవండి. 8 కాస్తా 11 అయితే ఆయిల్ రింగుల సందుని మూసిందన్నమాట, తప్పు రింగులదే. 8.2 దగ్గరే ఆగితే వాల్వు కూర్చోవడం లేదు. దాన్ని తిట్టే ముందు ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) చూడండి. గ్యాప్ బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఇదే రీడింగు వస్తుంది, సర్దితే సరిపోతుంది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు, ఉదాహరణకి 3, 4 రెండూ 7 దగ్గర పడితే మధ్యలో హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య సీలు చేసే పలక) కాలి ఉంటుంది. నాలుగూ సమానంగా తక్కువుంటే టైమింగ్ బెల్టు (వాల్వుల్ని పిస్టన్లతో జత కలిపి ఆడించే పళ్ల బెల్టు) ఒక పన్ను జారిందేమో ముందు చూడండి. అసలు పికప్ తగ్గడానికీ అదే కారణం కావచ్చు.

ఒక మెలిక కూడా ఉంది. కంప్రెషన్ చక్కగా 12 వస్తూ ఆయిల్ మాత్రం తాగే ఇంజిన్లు బోలెడు. కంప్రెషన్ ఆపేది పై రెండు రింగులు, ఆయిల్ గీకేది మూడోది. మూడోది దాని గాడిలో మసితో అతుక్కుపోతే గేజికి తెలియదు. అలాంటప్పుడు ప్లగ్గులు తీసి, మసిని కరిగించే క్లీనర్ ఒక్కో సిలిండర్‌లో 30 నుంచి 50 మిల్లీలీటర్లు పోసి ఒక రాత్రి నాననివ్వడం చేసి చూడదగ్గ పనే. అన్నిసార్లూ పనిచేయదు, చేస్తే మాత్రం పెద్ద ఖర్చు తప్పుతుంది. పొద్దున ప్లగ్గులు పెట్టకముందే గుడ్డ కప్పి స్టార్టర్ తిప్పి లోపలి ద్రవమంతా బయటికి చిమ్మించాలి. అలా చేయకుండా ప్లగ్గులు బిగించి తిప్పితే, ద్రవం నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కడ్డీ) వంగిపోవచ్చు. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చాకే నడపండి.

కింది భాగం సంగతి తేల్చేది ఆయిల్ ప్రెషర్. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరి ఉందని ధీమా వద్దు, దాని స్విచ్చి ప్రెషర్ దాదాపు సున్నాకి పడ్డాకే వెలిగిస్తుంది. స్విచ్చి విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజి బిగించి, ఇంజిన్ బాగా వేడి మీద చూడాలి. 3000 ఆర్‌పీఎం దగ్గర 3 బార్ అటూ ఇటూ, ఐడిలింగ్‌లో 0.7 పైన ఉంటే బేరింగుల గురించి బెంగ అక్కర్లేదు. తక్కువుంటే ముందు సంప్ (కింది ఆయిల్ తొట్టి) దించి స్ట్రెయినర్ జల్లెడ మూసుకుపోయిందేమో చూడండి. సంప్ ఎలాగూ దిగింది కాబట్టి ఒక బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకుని పట్టుకునే కింది కొన) క్యాప్ విప్పి లోపలి బేరింగు షెల్ చూడొచ్చు. మాసిన వెండి రంగులో ఉంటే బాగున్నట్టు. మూడు పొరల షెల్‌లో రాగి రంగు బయటపడితే పై పొర అరిగిపోయింది. క్రాంకు జర్నల్, అంటే బేరింగు కూర్చునే నున్నటి భాగం, మీద గోరు అడ్డంగా గీయండి. గోరు గీతలో ఆగితే క్రాంకు గ్రైండింగ్ తప్పదు.

లోడు మీద కింద నుంచి బరువుగా దబదబమనే చప్పుడు ఉండి, ఒక సిలిండర్ ప్లగ్గు వైరు తీయగానే అది తగ్గితే, ఆ సిలిండర్ బిగ్ ఎండ్ బేరింగు పోయిందని. ఆ క్షణమే కారు ఆపేయండి. గ్యారేజీ దాకా కూడా నడపొద్దు, లాక్కెళ్లండి. రాడ్ తెగి బ్లాకుని పొడుచుకుని బయటికొస్తే ఇక "చేయించాలా వద్దా" అన్న ప్రశ్నే మిగలదు.

కొలతలన్నీ చేతికొచ్చాక ఆయిల్ ప్రెషర్ బాగుంది, చప్పుడు లేదు, కంప్రెషన్ 10 పైనే ఉంది అనుకోండి. అప్పుడు ఏమీ చేయకపోవడం కూడా న్యాయమైన నిర్ణయమే. డిక్కీలో ఆయిల్ డబ్బా పెట్టుకుని, వారానికోసారి డిప్ స్టిక్ చూస్తూ నడపండి. ప్లగ్గులు త్వరగా మసి పడతాయి, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే కొంతకాలానికి అది దెబ్బ తింటుంది, పొగ పరీక్షలో తప్పొచ్చు. అంతవరకే నష్టం.

రింగులు, బోరే అని తేలితే మాత్రం "రింగులు వేసేస్తే చాలు" అనే మధ్యే మార్గం దగ్గర ఆగి ఆలోచించండి. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది అక్కడే. 2 లక్షల కిలోమీటర్లు తిరిగిన బోరు సాధారణంగా గుండ్రంగా ఉండదు. పిస్టన్ పక్కలకి నెట్టే దిశలో అరిగి అండాకారం అవుతుంది, పై రింగు తిరగబడే చోట ఎక్కువ అరిగి దాని పైన చిన్న మెట్టు మిగులుతుంది. కొత్త రింగు గుండ్రంగా ఉంటుంది, అండాకారపు బోరులో రెండు వైపులా సందు వదులుతుంది. పైగా పాత రింగు అంచు అరిగి ఆ మెట్టుకి సర్దుకుని ఉంటే, కొత్తదాని పదునైన అంచు దానికి తగిలి విరుగుతుంది. అందుకే బోర్ గేజితో పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట క్రాంకు వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి, మొత్తం 6 కొలతలు తీయించండి. తేడా 0.05 మిల్లీమీటర్ల లోపుంటే హోనింగ్ (బోరు గోడని రాయితో సన్నగా గీకడం) చేసి రింగులు వేయొచ్చు. 0.1 దగ్గరికొస్తే బోరింగ్ చేసి, అంటే బోరుని పెద్దది చేసి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయాల్సిందే. ఓవర్‌సైజులు సాధారణంగా 0.25, 0.50 మిల్లీమీటర్ల మెట్లలో దొరుకుతాయి.

అందుకని ఇంజిన్ విప్పకముందే ఒక పని చేయండి. పిస్టన్ సెట్, రింగులు, మెయిన్, బిగ్ ఎండ్ షెల్స్, ఫుల్ గ్యాస్కెట్ కిట్, హెడ్ బోల్టులు మీ ఇంజిన్‌కి ఏ సైజుల్లో నిజంగా దొరుకుతున్నాయో కనుక్కోండి. పాత కార్లు నెలల తరబడి అట్టపెట్టెల్లో ముక్కలుగా పడి ఉండటానికి కారణం విప్పాక పార్టు దొరకకపోవడం, పనితనం లోపం కాదు. పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకుని లేతుకి పంపండి. ఒక్కో పిస్టన్‌ని కొలిచి, దానికి తగ్గ క్లియరెన్స్ (సందు) వదిలి బోరు తీయాలి. ముందే తీసేసి తర్వాత పిస్టన్లు కొనడం తలకిందుల పని.

బ్లాకు తిరిగొచ్చాక మీరు దగ్గరుండి చూడాల్సినవి రెండు. హోనింగ్ అయిన బోరుని వేడి సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి. పెట్రోలుతో తుడిస్తే రాయి పొడి గీతల్లోనే ఉండిపోయి, కొత్త రింగుల్ని తినేస్తుంది. ఆరాక ఆయిల్ రాసిన తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. రెండోది రింగు గ్యాప్, అంటే రింగు రెండు కొనల మధ్య సందు. రింగుని బోరులో పెట్టి, పిస్టన్ తలకిందులుగా పెట్టి 20 మిల్లీమీటర్లు కిందికి నెట్టి, ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులతో) చూడాలి. 75 మిల్లీమీటర్ల బోరుకి పై రింగు గ్యాప్ 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తక్కువుంటే వేడికి వ్యాకోచించి కొనలు రెండూ కొట్టుకుని బోరుని గీకేస్తాయి, ఆకురాయి పెట్టి సరిచేయాలి.

ఇంజిన్ కిందున్నప్పుడే క్లచ్ ప్లేటు, క్రాంకు వెనక సీల్, వాటర్ పంపు, థర్మోస్టాట్, టైమింగ్ బెల్టు, మౌంటింగులు మార్చేయండి. రేడియేటర్‌ని మాత్రం మరిచిపోకండి. ఓవర్‌హీట్ అయిన చరిత్ర ఉన్న కారుకి రేడియేటర్ అదే ఉంచి ఇంజిన్ మాత్రం కొత్తది చేస్తే, ఆ జబ్బే దీనికీ పడుతుంది.

సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ పెట్టడం చవగ్గా కనిపిస్తుంది. పైన చెప్పిన కంప్రెషన్, ఆయిల్ ప్రెషర్ పరీక్షలు మీ ఎదురుగా చేసి చూపిస్తేనే కొనండి. లేకపోతే ఒకరి పాత జబ్బుని మీ కారులోకి ఎక్కించినట్టే. ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ పత్రాల్లో మార్పించుకోవాలి.

ఖర్చు లెక్క ఎవరైనా కారు అమ్మకపు ధరతో పోలుస్తారు. 22 ఏళ్ల కారుకి ఆ లెక్కలో ఏ రిపేరూ గిట్టదు. అమ్మే ఉద్దేశముంటే ఇంజిన్ పని చేయించకండి, పెట్టింది తిరిగి రాదు. ఉంచుకునే ఉద్దేశముంటే, ఇంతే నమ్మకంగా తిరిగే ఇంకో కారు తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చుతో పోల్చండి.

చేయిస్తే గనక మొదటి స్టార్టుకి ముందు ప్లగ్గులు పెట్టకుండా ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పించండి. ఎండిన బేరింగుల మీద ఇంజిన్ స్టార్ట్ కాకూడదు. మొదటి 500 కిలోమీటర్లు ఐడిలింగ్‌లో వదిలేయడం, మరీ సుకుమారంగా నడపడం రెండూ వద్దు. గ్యాసు ఒత్తిడే రింగుల్ని బోరుకి అదిమి కూర్చోబెడుతుంది, అది చాలకపోతే బోరు గాజులా నునుపెక్కి మళ్లీ ఆయిల్ తాగడం మొదలవుతుంది. మధ్యస్థ లోడు మీద, స్పీడు మారుస్తూ, 3000 ఆర్‌పీఎం లోపల నడిపి, 500 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఆ ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి వెలుతురులో పట్టుకోండి. పొడిలా సన్నటి మెరుపు సహజం. గోటికి తగిలే రేకు ముక్కలు కనిపిస్తే ఇంకో కిలోమీటరు నడపకుండా సంప్ దించమనండి.