మరణ సభా? మరణాల సమీక్షా?

సందేహం: నేను ఒక జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఇకమీదట నోటీసు బోర్డు మీద అన్నీ తెలుగులోనే రాయాలని పైనుంచి మాట వచ్చింది. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నాకు అప్పజెప్పారు. ముందు నెలలో చనిపోయిన రోగుల కేసుల్ని డాక్టర్లు కూర్చుని పరిశీలించే డెత్ మీటింగు నెలనెలా జరుగుతుంది. దానికి ‘మరణ సభ, సాయంత్రం 4 గంటలకు’ అని రాశాను. గంట తిరక్కుండానే దాని కింద ఎవరో ‘దండ ఎవరు తెస్తున్నారు?’ అని చాక్‌పీసుతో రాసిపోయారు. అప్పటినుంచి సభ, సమావేశం, సదస్సు, గోష్ఠి, కార్యశాల, శిబిరం... ఏ మాట రాయబోయినా చెయ్యి ఆగిపోతోంది. అన్నీ మీటింగులే కదా, తేడా ఏమిటి?

సమాధానం: అమ్మా, దండ సంగతి అడిగినవారు ఎవరో గానీ తెలుగు బాగా తెలిసినవారు. నేను పేజీ నిండా రాయాల్సింది మూడు మాటల్లో తేల్చేశారు.

‘సభ’ అనగానే మనకు వేదిక కనిపిస్తుంది. దాని మీద అరడజను కుర్చీలు, మైకు, అధ్యక్షుడు, శాలువా, చివర్లో వందన సమర్పణ. మాట్లాడేవాళ్లు కొందరు, వినేవాళ్లు చాలామంది. అందుకే మన భాషలో సభాకంపం ఉంది, సమావేశకంపం లేదు. మే 12న నర్సుల దినోత్సవానికి మీరు చేసుకునేది సభ. పదవీ విరమణ చేసే హెడ్ నర్సుకు చేసేది వీడ్కోలు సభ. చావు పక్కన ఆ మాట చేరిందంటే మాత్రం అది సంతాప సభే; ఫొటో, దండ, రెండు నిమిషాల మౌనం వాటంతటవే వచ్చేస్తాయి. మీ వ్యాకరణంలో తప్పేమీ లేదు. మాట వెంట వచ్చే సరంజామాతోనే చిక్కంతా.

‘సమావేశం’ వీటన్నిటిలోకి సాదా మాట. ‘విశ్’ అంటే లోపలికి పోవడం. అందరూ కలిసి ఒకచోటికి చేరడం సమావేశం. ప్రవేశం, ఆవేశం, సమావేశం ఒకే ఇంటి పిల్లలు. (రెండోది మూడోదాంట్లోకి తరచూ ప్రవేశిస్తూ ఉంటుందని ఒక డాక్టరు మిత్రుడి ఫిర్యాదు.) ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీరు రాసిన ఆరు మాటల్లో ‘అవు’ చేరి నేరుగా క్రియగా మారేది ఇదొక్కటే. ‘వైద్యులు సమావేశమయ్యారు’ అంటాం. ‘సదస్సయ్యారు’ అనం, ‘గోష్ఠయ్యారు’ అనం. వాటిని ఎవరో ఒకరు ఏర్పాటు చేయాలి, నిర్వహించాలి, జరపాలి. సమావేశానికి మనుషులు చేరితే చాలు. ఇన్‌ఫెక్షన్ కమిటీవాళ్లు కూర్చున్నా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆశా కార్యకర్తలు నెలకోసారి కలిసినా, సూపరింటెండెంటు విభాగాధిపతులను పిలిచినా సమావేశమే. ఏ మాటా తోచనప్పుడు ఇది రాసెయ్యండి.

‘సదస్సు’లో ఉన్నది ‘సద్’, అంటే కూర్చోవడం. సోమయాగంలో ఋత్విక్కులు కూర్చునే పందిరికి సదస్సని పేరు. చుట్టూ కూర్చుంటే పరిషత్తు, గురువుకు దగ్గరగా కూర్చుంటే ఉపనిషత్తు. సదస్సంటే పొరుగూళ్లనుంచి వచ్చిన నిపుణులు, వాళ్ల పత్రాలు, ఒకటి రెండు రోజుల కార్యక్రమం ఉండాలి. ఎముకల వైద్యుల రాష్ట్ర సదస్సు, మత్తు వైద్యుల జాతీయ సదస్సు అంటే అందుకే నిండుగా ఉంటుంది. డాక్టర్లు వాటికి వెళ్లేది భోజనాల కోసమేనని మీ వార్డులో అనుకుంటారేమో. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అయిదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి నిరంతర విద్యా కార్యక్రమాల్లో గడపాలి. అంత బరువైన మాటను పత్రికలవాళ్లు అరగదీశారు. బడిలో పది నిమిషాలు చేతులు కడుక్కోవడం చూపిస్తే ‘అవగాహన సదస్సు’, బస్టాండులో కరపత్రాలు పంచితే ‘అవగాహన సదస్సు’. అవగాహన కార్యక్రమం అంటే ఏం పోయింది?

పనిలో పని, దివ్యాంగుల ధ్రువపత్రాల కోసం జరిగే ‘సదరం’ శిబిరానికీ ఈ ‘సద్’కీ చుట్టరికం లేదు. అది ఒక ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్ పేరులోని పొడి అక్షరాల కూర్పు. చెవికి అచ్చం తెలుగులా తగిలి నిలబడిపోయింది. ‘సదరమ్’ అని పొల్లుతో రాయనక్కర్లేదు, సున్నా చాలు.

ఇక ‘గోష్ఠి’. ముందుగా అక్షరం: ష కింద ఠ వత్తు ఉండాలి, ‘గోష్టి’ కాదు. గోష్ఠం అంటే ఆవులు నిలిచే చోటు, మన దొడ్డి. అక్కడినుంచి నలుగురు చేరి మాట్లాడుకునే చోటుకి, ఆ మాటలకి పేరైంది. విష్ణ్వాలయాల్లో ప్రబంధం చదివే బృందాన్ని ఇప్పటికీ గోష్ఠి అనే అంటారు. మనం గోష్ఠి అని తెలుగు చేసే ‘సెమినార్’ పుట్టుక చూస్తే, లాటిన్‌లో దానికి మూలమైన మాటకు నారుమడి అని అర్థం. ఒకటి దొడ్డి, ఒకటి నారుమడి. ఇంత పాండిత్యమూ పల్లెటూరినుంచే వచ్చింది.

గోష్ఠిలో వేదిక ఉండదు, భిన్నాభిప్రాయం ఉంటుంది. వైద్యులకు ఇది కొత్త కాదు. చరక సంహితలో విమానస్థానం అనే భాగం, ఎనిమిదో అధ్యాయం దీనికి ‘తద్విద్యసంభాష’ అని పేరు పెట్టింది, అంటే అదే విద్య తెలిసినవారితో మాట్లాడుకోవడం. ‘భిషక్ భిషజా సహ సంభాషేత’, వైద్యుడు వైద్యుడితో సంభాషించాలి. అందులో రెండు రకాలు: స్నేహంగా సాగేది సంధాయ సంభాష, గెలుపు కోసం పట్టుబట్టేది విగృహ్య సంభాష. నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. శుశ్రూష చేసిన శిష్యుడికి గురువు మెల్లమెల్లగా చెప్పే రహస్యాలను, వాదంలో నెగ్గాలన్న ఉత్సాహంలో ఎదుటివాడు ఒక్కసారిగా కక్కేస్తాడట! మీ ఆసుపత్రిలో ఫిజీషియనూ సర్జనూ ఒకే కేసు మీద వాదించుకునేటప్పుడు పక్కన నిలబడి విన్న హౌస్ సర్జన్ ఎవరైనా దీనికి సాక్ష్యం చెబుతారు.

బోధనాసుపత్రుల్లో ఇంకొకటి జరుగుతుంది. రోగి వివరాలు మాత్రమే ఇస్తారు, రోగమేమిటో చెప్పరు. ఒక పెద్ద డాక్టరు అందరి ముందూ నిలబడి ఒక్కొక్కటే కొట్టేస్తూ జవాబు దగ్గరికి వస్తాడు. ఆఖర్న పాథాలజిస్టు లేచి అసలు సంగతి బయటపెడతాడు. బోస్టన్‌లో రిచర్డ్ కాబట్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇంగ్లీషులో పేరు నోరు తిరగనంత పొడుగు, మనవాళ్లు సీపీసీ అంటారు. చూస్తుంటే నాకు అవధానమే గుర్తొస్తుంది. నిషిద్ధాక్షరి బదులు నిషిద్ధ నిర్ణయం. దీన్ని ‘రోగనిర్ణయ గోష్ఠి’ అనొచ్చు. మీ వార్డులో రోజూ జరిగే దానికి మాత్రం అంత పెద్ద పేరెందుకు, ‘కేసు చర్చ’ చాలు.

‘కార్యశాల’తో నాకు పేచీ ఉంది. శాల అంటే కట్టడం: పాఠశాల, వంటశాల, పశుశాల. ‘రెండు రోజుల కార్యశాల’ అంటే రెండు రోజుల వంటిల్లు అన్నట్టుంటుంది. సాహిత్యంవాళ్లు అలవాటు చేసుకున్నారు, వాళ్లిష్టం. బొమ్మ ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం నేర్పుతుంటే ‘సీపీఆర్ శిక్షణ’ అని రాయండి, గేటు దగ్గర సెక్యూరిటీ అతనికీ తెలుస్తుంది. ‘శిబిరం’ సైన్యం గుడారాలనుంచి వచ్చిన మాట. ఆసుపత్రి భాషలో దానికి వచ్చేది రోగులు, రక్తదాతలు. డాక్టర్లు డాక్టర్లతో మాట్లాడుకునే చోటు శిబిరం కాదు.

కొన్నిటిని ముట్టుకోకపోవడమే మేలు. ‘పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చారా?’ అని మంచం పక్కన కూర్చున్న అవ్వ కూడా అడుగుతుంది. దాన్ని ‘పరిభ్రమణం’ చేస్తే గ్రహాలు తిరుగుతాయి. వైద్య పత్రికల్లో వచ్చిన పరిశోధన వ్యాసాలను డాక్టర్లు చదివి చర్చించుకునే ‘జర్నల్ క్లబ్’ని పత్రికా సమావేశం అన్నారంటే విలేకరులు దిగుతారు. డ్యూటీ మారేటప్పటి ‘హ్యాండోవర్’కి ‘అప్పగింత’ చక్కటి మాటే, కానీ ఏకవచనంలోనే వాడండి. ‘అప్పగింతలు’ అని రాశారో, పెళ్లికూతురి చేతులు పాలలో ముంచాలి.

మళ్లీ మీ నోటీసు దగ్గరికి వస్తాను. ‘విచారణ’ వద్దు, పోలీసు వాసన. ‘కమిషన్’కి ఒకప్పుడు గౌరవం ఉండేది. హైదరాబాదులోనే 1888లో, 1889లో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి పూనికతో నిజాం ప్రభుత్వం క్లోరోఫాం అనే మత్తుమందు మీద రెండు కమిషన్లు వేసింది. మత్తులో పోయినవాళ్లకు ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది తగువు. రెండోసారి లండన్‌నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ని పంపింది కూడా. ఊపిరేనని తేల్చారు, గుండె కూడా ముందు ఆగవచ్చని తర్వాతి పరిశోధనల్లో తెలిసింది. ఇప్పుడు ఆసుపత్రి గోడ మీద కమిషన్ అని రాస్తే చదివేవాళ్లు ఎంత శాతం అని అడుగుతారు.

మిగిలింది ‘సమీక్ష’. సం, ఈక్ష, చక్కగా చూడటం. కలెక్టరు గారి సమీక్షల పుణ్యమా అని ఆ మాటకు కొంత చెమట పట్టిన మాట నిజమే, అయినా ఇక్కడ అదే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ‘మరణ సమీక్ష’ కాదు, ‘మరణాల సమీక్ష’. సమాసంలో ముందు నిలిచిన ‘మరణ’ మరణశిక్ష, మరణశాసనం, మరణ వాంగ్మూలం అన్నట్టు ముంచుకొచ్చే చావును గుర్తుచేస్తుంది. ‘మరణాల’ అన్నప్పుడు అవి జరిగిపోయినవి, లెక్కకు వచ్చినవి, ఒక్కొక్క కేస్ షీటూ తెరిచి చూడదగ్గవి. మీ శాఖ కాగితాల్లో ‘మాతృ మరణాల సమీక్ష’ అని ఉన్నది అందుకే బాగుంది. బోర్డు మీద ఇలా రాయండి: ‘గత నెల మరణాల సమీక్ష, సాయంత్రం 4 గంటలకు. సంబంధిత కేస్ షీట్లు తీసుకురావాలి.’