కామెడీ అని వెళ్తే నవ్వు రాలేదు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెసేజుల్లో సగానికి పైగా ఒకటే గోడు, కామెడీ సినిమా అని వెళ్లాం, నవ్వు రాలేదు అని. నేను సినిమా పండితుణ్ణి కాదు, టికెట్టు కొనుక్కుని చూసే మామూలు ప్రేక్షకుణ్ణే, కానీ కామెడీ అంటే ప్రాణం, అందుకే ఈ పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న (తణుకు నుంచి ఒక పాఠకురాలు): పిల్లలతో కలిసి నలుగురం ఒక కొత్త కామెడీకి వెళ్లామండీ, పాప్‌కార్న్‌తో కలిపి రెండు వేలు దాటింది. తెర మీద అందరూ అరుస్తున్నారు, జారి పడుతున్నారు, చెంపలు వాయించుకుంటున్నారు, హాల్లో మాత్రం చడీచప్పుడూ లేదు. మాకే నవ్వడం రావట్లేదా?

జవాబు: అమ్మా, హాల్లో మిగతావాళ్ళు కూడా నవ్వలేదంటే లోపం మీలో లేదు, ముందు ఆ అనుమానం తీసెయ్యండి. నా లెక్కలో కామెడీకి కావాల్సింది ఒక్కటే, సినిమాలో ఎవరో ఒకరు నిజంగా ఇరుక్కోవాలి. 1987లో వచ్చిన అహ నా పెళ్ళంట తీసుకోండి. కోట శ్రీనివాసరావు గారు కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను అందరికీ గుర్తే, కానీ ఆ పిసినారితనం తీసేస్తే అసలు కథే లేదు చూడండి, రాజేంద్రప్రసాద్‌కి ఆ అమ్మాయి కావాలి, అమ్మాయి తండ్రేమో ఈయన, కాబట్టి వీళ్ళింట్లో అద్దెకి దిగి ఈయన కంటే పెద్ద పిసినారిలా నటించాలి. అంటే పిసినారితనం మీద వచ్చే ప్రతి జోకూ ఆ పెళ్ళిని దగ్గరికో దూరానికో జరుపుతుంది, పైగా కోట గారు వేసిన ఆ పిసినారి లక్ష్మీపతి తను చేసేది తమాషా అని ఒక్క క్షణం కూడా అనుకోడు, ఆయనకి అది ప్రాణసంకటం. దర్శకుడు జంధ్యాల గారి గొప్పతనం అక్కడుంది. మీరు చూసిన సినిమాలో జారి పడినవాడు ఎందుకు పడ్డాడు, పడ్డాక వాడికేం పోయింది, ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏమీ గుర్తు రాకపోతే నవ్వు ఎందుకు రాలేదో అర్థమైపోయినట్టే.

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): అన్నా, వెంకీ మా బ్యాచ్‌లో అందరికీ నోటికొచ్చు. అదే శ్రీను వైట్ల తీసిన ఆగడు, బ్రూస్ లీ మాత్రం ఒక్కసారి చూడటమే కష్టమైంది. ఒకే మనిషికి అంత తేడా ఎందుకు?

జవాబు: తమ్ముడూ, ఈ ప్రశ్న నేనూ చాలా రోజులుగా ఆలోచిస్తున్నదే. 2004లో వచ్చిన వెంకీలో ట్రైన్ ఎపిసోడ్ అంటే అందరం బ్రహ్మానందం గారినే తల్చుకుంటాం, కానీ అదే ట్రైన్లో హత్య జరుగుతుంది, అది ఈ కుర్రాళ్ళ మెడకి చుట్టుకుంటుంది, సెకండాఫ్ మొత్తం దాని మీదే నడుస్తుంది, అంటే మనం నవ్వుతూ ఉండగానే కథ వీళ్ళని బోనులో పెట్టేసింది. తర్వాత ఢీ, రెడీ, దూకుడు వచ్చాయి, హీరో విలన్ ఇంట్లోకో వాళ్ళ మనుషుల్లోకో దూరి ఒక అమాయకుణ్ణి బకరా చేసి నాటకం ఆడటం. ఇవీ బాగా ఆడాయి, నేనూ పడిపడి నవ్వాను, దూకుడులో అయితే కోమాలోంచి లేచిన తండ్రికి నిజం తెలియకూడదు అనే భయం ఉంది కాబట్టి ఆ నాటకానికి బరువొచ్చింది. ఆ పద్ధతి అలా అలా వాడేశాక ఇంక హీరోకి భయమే మిగల్లేదు. 2014లో ఆగడు వచ్చేసరికి హీరో అందరికంటే తెలివైనవాడు, అందరికంటే బలమైనవాడు, అందరికంటే మాటకారి, వాడు పంచ్ వేస్తాడు, ఎదుటోడు నోరు తెరుచుకుని చూస్తాడు, అంతే. ఓడిపోతాడనే అనుమానమే లేని మనిషిని చూసి ఈల వేస్తాం గానీ నవ్వలేం. వెంకీ గ్యాంగు అబద్ధాలాడి దొరికిపోతారు, తన్నులు తింటారు, అందుకే వాళ్ళు మన బ్యాచ్‌లో కుర్రాళ్ళలా అనిపిస్తారు. ఆయన మళ్ళీ అలాంటి పేద్ద ఇబ్బందిలో పడే కుర్రాళ్ళ కథ తీస్తే మొదటి రోజు మొదటి ఆటకి వెళ్తా, ఆ ఆశ నాకింకా ఉంది.

ప్రశ్న (విజయనగరం): ట్రైలర్లో నవ్వొచ్చింది, సినిమాలో రాలేదు. మోసం కాదా?

జవాబు: మోసం అనను గానీ ఉన్న నాలుగు జోకులూ ట్రైలర్లో పెట్టేస్తే ఇక సినిమాలో మిగిలేదేంటి. నేనైతే కామెడీ సినిమాకి ట్రైలర్ చూడటం మానేశాను, టీజర్ చాలు.

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక టీచర్): మన్మథుడు 2 పేరు చూసి ఇంటిల్లిపాదీ వెళ్ళి నిరాశపడ్డాం. సీక్వెల్ అంటే ఇలాగే ఉంటుందా?

జవాబు: మేడమ్, 2019లో వచ్చిన ఆ సినిమాకీ 2002 మన్మథుడుకీ హీరో నాగార్జున గారు, పేరు తప్ప ఇంకేం సంబంధం లేదు, అది ఒక ఫ్రెంచ్ సినిమాకి రీమేక్. పాత మన్మథుడులో ఆడవాళ్ళంటే పడని మనిషి, ఆ చేదు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి చెప్పారు, దాని మీద త్రివిక్రమ్ గారి మాటలు నిలబడ్డాయి. కొత్తదానికి ఆ పేరు పెట్టగానే మనం ఆ మనిషి కోసం వెళ్ళాం, తెర మీద వేరే మనిషి ఉన్నాడు, ఇక్కడే మనసు విరిగింది. అదే డీజే టిల్లుకి రెండో భాగంగా వచ్చిన టిల్లు స్క్వేర్ చూడండి, టిల్లు అనే కుర్రాడు అదే నోరు, అదే బలహీనత, అమ్మాయి కనబడితే మళ్ళీ అదే గోతిలో పడతాడు. పార్ట్ టూకి రావాల్సింది మనిషి, టైటిల్ కాదు. ఎఫ్3 దగ్గర కూడా నాకు ఇదే అనిపించింది, మొదటిదాంట్లో మొగుడూ పెళ్ళాల గొడవ ప్రతి ఇంట్లో ఉండేదే, రెండోదాంట్లో అందరూ డబ్బు వెనక పరిగెడుతుంటే ఎవరి మీదా జాలి కలగలేదు.

ప్రశ్న (డల్లాస్ నుంచి): జాతి రత్నాలు అంత పెద్ద హిట్ అన్నారు, మేం ఇంట్లో ప్రైమ్‌లో చూస్తే మా ఆవిడా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఓవర్ రేటెడ్ అంటే కోప్పడతారా?

జవాబు: కోపం దేనికండీ, మీకు నవ్వు రాలేదు, అది నిజం. కాకపోతే ఆ సినిమా 2021 మార్చిలో హాళ్ళలోకి వచ్చింది, కరోనాతో ఏడాది పాటు ఇళ్ళలో మగ్గిన జనం మాస్కులు పెట్టుకుని పక్క సీట్లో కొత్త మనిషితో కలిసి నవ్విన రోజులవి. అలాంటి అడ్డదిడ్డం మాటల కామెడీకి పక్కవాడి నవ్వు చాలా అవసరం, వాడు నవ్వుతాడు, వాణ్ణి చూసి మనం నవ్వుతాం, ఈలోగా ఇంకో జోకు వచ్చేస్తుంది. ఇంట్లో ఇద్దరే కూర్చుని మధ్యలో ఫోన్ చూస్తూ ఆపి మళ్ళీ పెడితే ఆ ఊపు పోతుంది. కోర్టు సీను మాత్రం పదిమందితో కలిసి ఇంకోసారి చూడండి, అప్పటికీ రాకపోతే వదిలెయ్యండి.

ప్రశ్న (వరంగల్ నుంచి, పేరు వద్దన్నారు): మా అబ్బాయికి నత్తి ఉంది. కామెడీ సినిమాకి తీసుకెళ్తే అందులో నత్తి మనిషిని పెట్టి నవ్వించారు, వాడు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

జవాబు: అక్కా, ఈ ఉత్తరం చదివి చాలా సేపు ఏమీ రాయలేకపోయాను. నత్తి, లావు, నలుపు, బట్టతల, ఆడంగి నడక, వీటిని చూపించి నవ్వించడం మన సినిమాల్లో ఏళ్ళ తరబడి ఉంది, మేం కూడా నవ్వాం, నవ్వబట్టే వాళ్ళు తీశారు. అది రాయడం చేతకానివాళ్ళు పట్టుకునే దగ్గరి దారి, ఆ మనిషి ఏం ఆలోచిస్తున్నాడో రాయక్కర్లేదు, మాట తడబడితే చాలు అనుకుంటారు. మీ బాబుకి చెప్పండి, ఆ సీను రాసినవాళ్ళదే తప్పు అని. హాల్లో అలాంటి సీనుకి నవ్వకుండా కూర్చోవడం మాత్రం మనందరి చేతిలో ఉంది.

ప్రశ్న (రాజమండ్రి నుంచి రిటైర్డ్ ఉద్యోగి): కమెడియన్లే పోయారు కదా బాబూ, ఇంకెక్కడి కామెడీ?

జవాబు: నిజమే మాస్టారూ, దెబ్బ మీద దెబ్బ తగిలింది. 2013లో నెల తేడాతో ఏవీఎస్, ధర్మవరపు సుబ్రహ్మణ్యం వెళ్ళిపోయారు, 2015లో ఎమ్మెస్ నారాయణ, కొండవలస, ఆ తర్వాత 2019లో వేణుమాధవ్. వాళ్ళు నిలబడితే చాలు, రాసింది సాదాగా ఉన్నా లాగేసేవాళ్ళు, ఆ సదుపాయం ఇప్పుడు లేదు. పైగా 2013లో టీవీలో జబర్దస్త్ మొదలైంది, వారం వారం స్కిట్లు ఇంట్లోనే ఉచితంగా దొరుకుతుంటే అవే స్కిట్లు అతికించిన సినిమాకి ఎవరు వెళ్తారు చెప్పండి. అల్లరి నరేష్ చూడండి, 2012లో సుడిగాడులో స్పూఫులు విరగబడి ఆడాయి, తర్వాత ఆ రకం కామెడీలు చప్పబడ్డాయి, చివరికి 2021లో నాంది లాంటి సీరియస్ కథతో నిలబడ్డాడు. గమ్యంలో గాలి శీనుగా చేసినవాడు ఆయన, ఆయనలో నవ్వు అయిపోలేదు, ఆయనకి రాసేవాళ్ళు కావాలి. వెన్నెల కిషోర్, సత్య, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ, వీళ్ళెవరూ తక్కువ కాదు, మత్తు వదలరాలో సత్యని చూడండి, మాట లేకపోయినా మొహంతో నవ్విస్తాడు.

ప్రశ్న (అనకాపల్లి): ఈ ఆదివారం అమ్మానాన్నలతో కలిసి చూడటానికి ఒకటి చెప్పండి, ఇబ్బంది పడకుండా.

జవాబు: సామజవరగమన, 2023లో వచ్చింది. ఆస్తి చేతికి రావాలంటే తండ్రి డిగ్రీ పాసవ్వాలి, ఆయనేమో పరీక్ష పరీక్షకీ తప్పుతుంటాడు, కొడుకు సినిమా హాల్లో టికెట్లమ్మి తండ్రిని చదివిస్తుంటాడు. నరేష్ గారు, శ్రీవిష్ణు ఇద్దరూ ఎక్కడా జోకు వేస్తున్నట్టు ఉండరు, నిజంగానే ఆ పరీక్ష గురించి కంగారు పడుతుంటారు. నాన్నగారికి తప్పకుండా నచ్చుతుంది, చూశాక ఆయనేమన్నారో రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.