కుండీలో చైనా ఆరెంజ్ ఆకులు పసుపెక్కితే ఏ ఎరువు వేయాలి?

తెచ్చినప్పుడు నిండా కాయలున్న చెట్టు ఇప్పుడు పసుపెక్కి పూత రాలుస్తోంది, ఏ ఎరువు వేయాలని అడిగారు. ఎరువు సంగతి తర్వాత. ఏ నీళ్లు పోస్తున్నారు? నల్లగొండ అన్నారు కాబట్టి బోరు నీళ్లే అనుకుంటున్నా.

ముందు ఆకులు చూడండి. కింది పాత ఆకులు మొత్తంగా పసుపెక్కితే నత్రజని తక్కువైనట్టు, పశువుల ఎరువు వేస్తే కోలుకుంటుంది. కొత్త చిగురు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు. మన దగ్గర ఎక్కువగా ఇదే. బోరు నీళ్లనగానే మనకు ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఈ చెట్టును ఇబ్బంది పెట్టేవి బైకార్బొనేట్లు. వాటివల్ల మట్టిలో క్షారగుణం పెరిగి, ఇనుము, జింకు ఉన్నా వేరు తీసుకోలేదు. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? అయితే అనుమానమే అక్కర్లేదు. మా మేడమీద చెట్టు వానలకు నిగనిగలాడుతుంది, ఎండాకాలం బోరు నీళ్ల మీద పడితే మళ్లీ పాలిపోతుంది.

అందుకని వాననీళ్లు పట్టుకోండి. లేదంటే మిషన్ భగీరథ కుళాయి నీళ్లు రాత్రి బకెట్లో ఉంచి పొద్దున పోయండి. జింకు, ఇనుము ఉన్న సూక్ష్మపోషకాల మందు ఎరువుల షాపులో దొరుకుతుంది, చిగురు వేసేటప్పుడు ఆకుల మీద సాయంత్రం పిచికారీ చేయండి. పాత ఆకు మళ్లీ పచ్చగా అవుతుందని చూడకండి, కొత్త చిగురు ఎలా వస్తుందో చూడండి.

ఇంకో మాట. పూత కోసం నీళ్లు ఆపమని ఎవరో ఒకరు చెప్తారు. మన బత్తాయి రైతులు చేసేది అదే, కాదనను. కానీ తోటలో వేరు లోతుకు పోతుంది, కుండీ మట్టి మే ఎండలో ఒక్కరోజులోనే ఎండుతుంది. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే ఉన్న పూత కూడా రాలుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే వేర్లు ఉడికిపోతాయి, మట్టి కుండీకి మార్చి మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ ఇవ్వండి. మిగతా నెలల్లో మాత్రం పూర్తి ఎండ కావాలి.

అంటు కింద నుంచి ముళ్ల కొమ్మలు లేస్తే వెంటనే తీసేయండి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పురుగు, చేత్తో ఏరేస్తే చాలు, మందు అక్కర్లేదు.

కాయ తియ్యగా ఉండదు, టెన్షన్ పడకండి, దాని రుచే అంత. మా ఇంట్లో పులిహోరలో పిండుతాం.