సూత్రాలన్నీ వచ్చు, కానీ డేటా ముందు పెడితే ఏ టెస్ట్ చెయ్యాలో తోచదు. స్టాటిస్టిక్స్ ఎలా నేర్చుకోవాలి?

సైన్స్ డిగ్రీ చదువుతున్నానని, పరీక్షల్లో మార్కులు బాగానే వస్తున్నా ప్రాజెక్టు డేటా చూస్తే చేతులు ఆడటం లేదని రాశారు. లెక్కలు ఇంకా నేర్చుకోవాలా, డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ మంచిదా పైథాన్ మంచిదా అని కూడా అడిగారు.

లెక్కలు తక్కువై కాదండీ. వర్గమూలం, లాగ్, సరళరేఖ సమీకరణం వస్తే మొదటి కోర్సుకి చాలు. ఆర్, పైథాన్ గొడవ అసలు పెట్టుకోకండి. మీ పక్కవాళ్లు ఏది వాడుతుంటే అదే పట్టుకోండి, ఎక్కడైనా ఆగిపోతే అడగడానికి మనిషి దొరుకుతారు.

చిక్కంతా పాఠాలు చెప్పే తీరులో ఉంది. అంకెలు శుభ్రంగా ఇచ్చేసి, ఫలానా టెస్ట్ చెయ్యమని కూడా వాళ్లే చెప్పేస్తారు. ఆ అంకెలు ఎలా వచ్చాయని అడిగే పనే ఉండదు. ఏ టెస్ట్ అన్నది తేలేది మాత్రం అక్కడే. ల్యాబ్‌లో జూనియర్లకి ఇది చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఒకే డేటాతో మొదలుపెడతాను.

ఆర్‌లో 'స్లీప్' అని ఒక చిన్న పట్టిక ముందే ఉంటుంది. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో అచ్చువేసిన పేపర్లోది (సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే టి-టెస్ట్ పుట్టిందీ ఆ పేపర్లోనే). పదిమంది రోగులు, రెండు నిద్రమందులు, ఒక్కో మందుకి ఎన్ని గంటల నిద్ర పెరిగిందన్నది లెక్క. సగటు మొదటి మందుకి 0.75, రెండోదానికి 2.33. వేర్వేరు మనుషుల రెండు గుంపులనుకుని టి-టెస్ట్ చేస్తే పి-వాల్యూ (మందుల్లో నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా పెద్ద తేడా కనపడే అవకాశం) 0.079 వస్తుంది. అదే మనుషులు రెండు మందులూ వేసుకున్నారని జతలుగా చేస్తే 0.0028. అంకె ఒక్కటీ మారలేదు!

ఎందుకో కాగితం మీద చేసి చూడండి. మొదటి మందుతో ఒకరికి నిద్ర 1.6 గంటలు తగ్గింది, ఇంకొకరికి 3.7 గంటలు పెరిగింది. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఉంటే మందుల తేడా అందులో కలిసిపోతుంది. ఒక్కొక్కరి రెండో మందు అంకెలోంచి వాళ్లదే మొదటి మందు అంకె తీసేస్తే తొమ్మిదిమందికి రెండో మందే మెరుగు, ఒకరికి రెండూ సమానం. ఆ తేడాల సగటు 1.58, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) 1.23. దీన్ని 10 వర్గమూలంతో భాగిస్తే 0.389, అదే స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ సగటు ఎంత అటూ ఇటూ అయ్యుండొచ్చన్న కొలత. 1.58ని దానితో భాగిస్తే టి విలువ 4.06. ఈ పది తీసివేతలు చేత్తో చేసినవాళ్లు డీవియేషన్‌కీ ఎర్రర్‌కీ తేడా మళ్లీ అడగడం నేను చూడలేదు.

పి-వాల్యూకి నిర్వచనం బట్టీ పట్టే బదులు కంప్యూటర్ చేత నాణెం వేయించండి. పదిసార్లు వేస్తే ఎనిమిదీ అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడటం, నాణెంలో ఏ మోసమూ లేకపోయినా, దాదాపు 5.5 శాతం సార్లు జరుగుతుంది. పి-వాల్యూ అంటే ఆ 5.5 శాతమే. నాణెం మంచిదయ్యే అవకాశం అంత అని కాదు. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు.

టెస్ట్ కన్నా ముందు గ్రాఫ్ గియ్యమని అందరూ చెప్తారు. నమ్మకం కుదరకపోతే 1973లో స్టాటిస్టిక్స్ నిపుణుడు ఆన్‌స్కోంబ్ తయారుచేసిన నాలుగు డేటాసెట్లు గీసి చూడండి. నాలుగింటికీ కోరిలేషన్ (రెండు అంకెలు ఎంత కలిసి నడుస్తాయన్న కొలత) 0.816 దగ్గరే, రిగ్రెషన్ గీతా (చుక్కలకి బాగా సరిపోయేలా గీసే సరళరేఖ) ఒకటే. చుక్కలు మాత్రం ఒకచోట వంపు తిరుగుతాయి, ఇంకోచోట ఒకే ఒక్క చుక్క గీత మొత్తాన్నీ లాక్కుపోతుంది.

ఇక మీ ప్రాజెక్టు. ఎరువు వేసిన ఐదు మొక్కల్లో ఒక్కో మొక్కకి మూడేసి ఆకులు చొప్పున కొలిచామని రాశారు. ఎరువు వేసింది మొక్కకి కాబట్టి మీ ఎన్ (లెక్కలోకి వచ్చే విడివిడి నమూనాల సంఖ్య) పదిహేను కాదు, ఐదు. ముందు మొక్కకొక సగటు తీసి ఆ ఐదు అంకెలూ గీయండి. ఎరువు వెయ్యని మొక్కలు విడిగా ఉన్నాయా, లేక అవే మొక్కల్ని ఎరువుకి ముందూ వెనకా కొలిచారా అన్నది కింద రాస్తే, టెస్ట్ ఏదో చెప్తాను.