సీఎస్ఈ చదువు నాలుగేళ్లకే పాతబడుతుందా?

"మా అబ్బాయిని సీఎస్ఈలో చేర్చాలని ఉంది. వాడు బయటికొచ్చేసరికి టెక్నాలజీ మారిపోతే ఆ డిగ్రీ దేనికీ పనికిరాదేమో" అని అనంతపురం నుంచి ఒకరు అడిగారు. నిక్షేపంగా చేర్చండి. కర్నూలు చుట్టుపక్కల అంగళ్లకు సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టి బతుకుతున్నవాడిగా చెప్తున్నాను.

మొన్న పత్తి సీజన్లో ఆదోని నుంచి ఒక కమీషన్ అంగడాయన ఫోన్ చేశాడు. రైతుకిచ్చే తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మకం లెక్క చీటీ, ప్రింటు కావడానికి నిమిషాలు పడుతోందట. బండ్లు దించి నిలబడిన రైతులు కేకలేస్తున్నారు, కొందరేమో కొత్త సర్వర్ (పెద్ద కంప్యూటర్) కొనాలంటున్నారు, ఏం చేయాలన్నాడు. వెళ్లి చూస్తే, రైతు నంబరు కొట్టిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి పేరుకుపోయిన బిల్లులన్నీ మొదటి నుంచి వెతుకుతోంది. బిల్లులు దాచిన ఆ టేబుల్‌కు ఇండెక్సే లేదు, అంటే పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక లాంటిది లేదు. ఒక్క లైను కొట్టి నంబరు మీద ఇండెక్స్ వేశాను. ఆ తర్వాత ఎంటర్ నొక్కడమే ఆలస్యం, కాగితం చేతికొచ్చింది. గుమాస్తా నమ్మక ఇంకో నాలుగు నంబర్లు కొట్టి చూసుకున్నాడు.

ఆ ఇండెక్స్ లోపల ఉండేది బీ-ట్రీ, అన్నీ చూడకుండా కొద్ది అడుగుల్లోనే కావాల్సినదాన్ని పట్టుకునేలా సమాచారాన్ని కొమ్మలుగా అమర్చే పద్ధతి. బేయర్, మెక్‌క్రైట్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1970ల మొదట్లోనే దాన్ని తయారుచేశారు. సమాచారాన్ని టేబుళ్లలో దాచే పద్ధతికి మూలమైన, కాడ్ అనే శాస్త్రవేత్త రాసిన వ్యాసం 1970 నాటిది. ఈరోజుకీ డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పాఠం) క్లాసులో చెప్పేది అదే. నేను ల్యాబులో నేర్చుకున్న విజువల్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎప్పుడో మూలపడింది, దీనికి మాత్రం ఢోకా లేదు. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ 1983లో టీసీపీ/ఐపీకి, అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలకు, మారింది. మన ఫోన్లలో ఇప్పటికీ నడిచేది ఆ టీసీపీ/ఐపీ పద్ధతే. అందరూ టెన్షన్ పడుతున్న ఏఐలోనూ ఎక్కువ భాగం మ్యాట్రిక్సుల (అంకెల గళ్ల పట్టికల) గుణకారమే. అది ఫస్టియర్ లెక్కల్లో ఉంది, పిల్లలు పాసైతే చాలనుకుని వదిలేస్తున్నారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి ఎక్కించడం, ఫైనలియర్ ప్రాజెక్టు డబ్బిచ్చి కొనుక్కోవడం, పాఠం చెప్పగలిగిన సారుకు నెలనెలా జీతం ఇవ్వకపోవడం. పైగా సీఎస్ఈ పక్కన ఏఐ అనో డేటా సైన్స్ అనో తగిలించి ఫీజు పెంచడం. ఇలా చదివితే డిగ్రీ చేతికొచ్చిన రోజే పనికిరాదు, టెక్నాలజీ మారేదాకా ఆగక్కర్లేదు.

కాబట్టి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టకముందే కాలేజీకి వెళ్లండి. ఆఫీసులో కాదు, క్యాంటీన్ దగ్గర థర్డియర్ పిల్లలను అడగండి: ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు ఎవరు చెప్తారు, ల్యాబులో ప్రోగ్రాములు మీరే రాస్తారా అని. నీళ్లు నమిలితే ఆ కాలేజీ పేరు కొట్టేయండి.