ఫారిన్ ప్లేయర్‌గ పోయే బిడ్డకు

మహబూబ్‌నగర్

బిడ్డా,

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్ నుంచి మెయిల్ వచ్చిందని మీ నాయన ఫోన్ చేసి చెప్పిండు. మస్తు సంతోషమైంది. ఇంట్ల అందరు టికెట్ ఎంతైతదని లెక్కలేస్తున్నరట. టికెట్ చివరి పని. దానికన్న ముందు చూసుకోవాల్సినవి రాస్తున్న, నిమ్మళంగ చదువు.

ముందుగాల ఆ మెయిల్ల ఏముందో చూడు. ట్రయల్‌కు రమ్మన్నరా, కాంట్రాక్టు ఇస్తమన్నరా? రెండిటికి భూమికి ఆకాశానికి ఉన్నంత తేడా. ట్రయల్ అంటే చూసి చెప్తమని. నచ్చకుంటే వాపస్ రావుడే. 2022ల మన నిజామాబాద్ బిడ్డ గుగులోతు సౌమ్య, జ్యోతి చౌహాన్ గూడ ట్రయల్స్ ఆడినంకనే క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ కాంట్రాక్టు అందుకున్నరు. అందుకే ట్రయల్‌కైతే రానుపోను ఖర్చు, ఉండే జాగ ఎవరిదో, ఎన్ని రోజులో కాగితం మీద రాయించుకో. షెంగెన్ (చానా యూరప్ దేశాలకు కలిపి చెల్లేది) టూరిస్టు వీసా మీద 180 రోజులల్ల 90 రోజులే ఉండొచ్చు, దాని మీద జీతానికి ఆడొద్దు. కాంట్రాక్టు అయితే పని చేసే పర్మిట్ క్లబ్బే పెట్టాలె. "ముందుగాల టూరిస్టు వీసా మీద రా, తర్వాత మార్పిస్తం" అన్నోళ్లను నమ్మకు.

ఫారిన్ ప్లేయర్ సీటు అంటే ఏందో సమజ్ చేసుకో. చానా లీగ్‌లల్ల విదేశీయులకు లెక్క ఉంటది. అమెరికా ఆడోళ్ల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్‌ల క్లబ్బులకు ఇంటర్నేషనల్ సీట్లు ఇన్నే అని కట్టడి ఉంది, గ్రీన్ కార్డు ఉన్న ప్లేయర్ మాత్రం ఆ లెక్కల పడదు. మన ఇండియన్ విమెన్స్ లీగ్‌ల ఆ సీట్లల్ల ఎవరొచ్చిండ్రో చూడు: గోకులం కేరళకు ఉగాండా ఫాజిలా ఇక్వాపుట్, ఈస్ట్ బెంగాల్‌కు ఘనా ఎల్షదాయ్ అచెంపాంగ్. ఇద్దరు గోల్ కొట్టెటోళ్లే. వీసా తెచ్చి, ఇల్లిచ్చి, ఒక సీటు ఖర్చు పెట్టినోడు నిన్ను బెంచి మీద కూసోబెట్టనీకి తెచ్చుకోడు. నీ అంత ఆడే పిల్ల వాళ్ల ఊర్లనే దొరికితే నిన్నెందుకు పిలుస్తరు? కాబట్టి సిగ్గుపడకుంట కోచ్‌నే అడుగు: నన్ను ఏ పొజిషన్‌కు తీసుకుంటున్నరు, ఆ పొజిషన్‌ల ఇప్పుడెవరున్నరు అని. జవాబు తిప్పి తిప్పి చెప్తే నీ వీడియో ఎవ్వరు సక్కగ చూడలేదన్నట్టే. మూడు మ్యాచ్‌లు మొదటి నిమిషం నుంచి చివరి దాంక కోత లేకుంట పంపు. గోల్స్ ముక్కలు ఎవరైన ఏరుతరు. బాల్ పోయినంక నువ్వెట్ల వెనుకకు ఉరికొస్తవో చూస్తరు కోచ్‌లు.

ఇగ కాగితాలు. మనోళ్లు ఎక్కువ దెబ్బ తినేది పేరు కాడనే. పదో తరగతి మెమోల ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌ల పూర్తిగ, పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు గడి ఖాళీ, మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్ రిజిస్ట్రేషన్ల ఇంకో స్పెల్లింగు. ఇంట్ల నవ్వుకునే సంగతే గాని, ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ట్రాన్స్‌ఫర్ కంప్యూటర్ల అది ఇద్దరు మనుషుల లెక్క కనబడతది. నాలుగు పక్కపక్కన పెట్టుకోని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువు. తేడా ఉంటే పాస్‌పోర్టును అసలుగ పెట్టుకోని మిగిలినవి దిద్దించు. అవి దిద్దనీకి నెలలు పడతది, ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్ మారనీకి ఇచ్చే గడువు) నీ కోసం ఆగదు. 18 నిండనిదే దేశం దాటి రిజిస్టర్ చేయరు, ఏవో కొన్ని మినహాయింపులున్నా నీకు వర్తించయి. ఇక్కడి ఫెడరేషన్ నుంచి అక్కడి ఫెడరేషన్‌కు ఇంటర్నేషనల్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ చేరేదాంక మ్యాచ్‌ల దిగనియ్యరు. ఇక్కడి క్లబ్‌తోటి నీ కాంట్రాక్టు ఆరు నెలలకంటె ఎక్కువ మిగిలి ఉంటే, వాళ్లు ఒప్పుకోనిదే కొత్త సంతకం పెట్టకు.

ఏజెంట్ సంగతి. మనది పాలమూరు. మేస్త్రి అడ్వాన్సు చేతుల పెట్టి బొంబాయి లారీ ఎక్కించుడు తాతల కాలం నుంచి చూసినం. ఇక్కడ కథ ఉల్టా: వాడే నిన్ను అడ్వాన్సు అడుగుతడు. ప్లేయర్ కాడ ముందే పైసలు గుంజేటోడు ఏజెంట్ కాదు. అసలు ఏజెంట్‌కు ఫిఫా లైసెన్సు ఉంటది, ఫిఫా వెబ్‌సైట్ల పేరు కొడితే కనబడతది. కమీషన్ నీ జీతం వచ్చినంక అండ్ల నుంచే తీసుకుంటడు, ఎంత శాతమో ముందే రాసి ఉండాలె.

కాంట్రాక్టుల జీతం అంకె చూసి మురిసిపోకు. అంకె పక్కన గ్రాస్ అని ఉందా, నెట్ అని ఉందా చూడు. గ్రాస్ అయితే పన్ను, వాళ్ల సోషల్ సెక్యూరిటీ పోయినంక మిగిలిందే నీది. ఎన్ని నెలల జీతమో చూడు. సీజన్ పది నెలలైతే పది జీతాలే రావొచ్చు, మిగిలిన రెండు నెలలు ఇంటికాడ ఉత్తగ కూసోవాలె. ఇల్లు, కరెంటు, ఏడాదికి రెండు విమాన టికెట్లు, దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు, ఆడలేని రోజుల జీతం అన్ని రాసి ఉండాలె. "చూసుకుంటం" అనే మాట కాంట్రాక్టుల ఉండదు. రెండు భాషలల్ల రాసి ఉంటే ఏ భాషది చెల్లుతదో ఒక లైన్ ఉంటది, దాన్ని వెతుకు. రెండు నెలల జీతం ఆపితే రాతపూర్వకంగ నోటీసు ఇచ్చి 15 రోజులు గడువియ్యి, అప్పటికీ ఇయ్యకుంటే ఫిఫా రూల్ ప్రకారం నువ్వు కాంట్రాక్టు తెంపుకోవచ్చు. వాట్సాప్ గొడవ నోటీసు కాదు, మెయిల్ పెట్టు. ఇప్పుడు నీకు అక్కరకు రాకున్నా తెలిసుండాలె: గర్భిణి ప్లేయర్‌కు కనీసం 14 వారాల జీతంతోటి సెలవు, జీతంల మూడింట రెండొంతులకు తక్కువ కాకుంట, 2021 నుంచి ఫిఫా రూలే.

కాళ్ల సంగతి నీకు చెప్పాల్నా అనుకోకు. మన మొరం గ్రౌండ్ మీద బాల్ ఎటు ఎగురుతదో తెల్వదు గనక మొదటి టచ్‌తోటి ఆపి, రెండో టచ్‌తోటి చూస్తం. అక్కడ తడి గడ్డి మీద బాల్ సర్రున వస్తది, నువ్వు ఆపేలోపల మీద పడతరు. తల తిప్పి రెండు భుజాల వెనుక చూసినంకనే బాల్ అందుకునుడు ఇప్పటి నుంచే అలవాటు చెయ్యి. బూట్లు ఒక్క జత సరిపోదు. మామూలు గడ్డికి ఎఫ్‌జీ, బురద గడ్డికి ఇనుప స్టడ్స్ (బూటు అడుగున ఉండే మేకులసొంటివి) ఉన్న ఎస్‌జీ, ప్లాస్టిక్ టర్ఫ్‌కు పొట్టి స్టడ్స్ ఎక్కువున్న ఏజీ. టర్ఫ్ మీద ఎఫ్‌జీ తొడిగితే స్టడ్ ఇరుక్కొని పాదం ఆడనే ఉంటది, మోకాలు తిరుగుతది. ఏసీఎల్ (మోకాలి ఎముకలను పట్టి ఉంచే లోపటి పట్టీ) ఆడోళ్లకు మగోళ్లకంటె ఎక్కువ తెగుతది, తెగితే సీజన్ మొత్తం పోతది. ఫిఫా 11 ప్లస్ వార్మప్ 20 నిమిషాలది. సగం చేసి వదిలేయకు.

ఊరికి వచ్చినప్పుడు జ్వరమొస్తే ఆర్‌ఎంపీ కాడికి ఉరికి సూది వేయించుకోకు. ఆ సూదిల డెక్సా ఉంటే అది స్టెరాయిడ్. మ్యాచ్ దినాలల్ల మూత్ర పరీక్షల పడ్డవంటే "నాకు తెల్వదు" అన్న మాట చెల్లదు. జలుబు గోలీలు గూడ చూసుకోని వేసుకో. నాడా (మన దేశంల డోపింగ్ పట్టుకునే సంస్థ) వాళ్ల యాప్ల మందు పేరు కొడితే చెప్తది, క్లబ్ డాక్టర్‌ను అడిగితే ఇంకా మంచిది.

పోయినంక మొదటి పది రోజులల్ల ఆడుకునే మాటలు వాళ్ల భాషల నేర్చుకో: వెనుక ఉన్నరు, టైముంది, తిరుగు, వదిలెయ్యి. ఇరవై మాటలు చాలు. గ్రామర్ తర్వాత.

కాంట్రాక్టు కాపీ రాంగనే సంతకం పెట్టకముందే అన్ని పేజీలు ఫోటో తీసి పంపు. వెనుక జోడించిన అనెక్స్ పేజీలు మరవకు, ఇల్లు, టికెట్ల సంగతి అండ్లనే ఉంటది. మీ అమ్మతోటి చెప్పు, నువ్వుల పొడి, కారంపొడి కట్టొచ్చు. నెయ్యి డబ్బా, ఎండు మాంసం మాత్రం వద్దు. యూరప్‌ల పాలతోటి, మాంసంతోటి చేసినవి బయటి దేశాల నుంచి రానియ్యరు, ఎయిర్‌పోర్టులనే గుంజుకుంటరు.